చిన్న వెబ్‌సైటుకు జావాస్క్రిప్ట్ లైబ్రరీని ఎంచుకోవడం ఎలా

కర్నూలులో సోనా బియ్యం అమ్మే ఒక కొట్టుకు వెబ్‌సైటు చేయాలనుకుందాం. బియ్యం రకాలు, 25 కిలోల బస్తా ధర, వాట్సాప్‌లో ఆర్డరు పంపే బటన్ ఉంటే చాలు. రియాక్ట్ కావాలా, వ్యూ కావాలా (రెండూ లైబ్రరీలే, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్) అని తర్జనభర్జన పడేముందు, పేజీ మళ్లీ లోడ్ కాకుండా తెరపై మారవలసినవి ఏమిటో కాగితంపై రాసుకోవాలి. బస్తాల సంఖ్యను బట్టి మొత్తం ధర మారడం ఒక్కటే అక్కడ మిగిలితే, ఏ లైబ్రరీ అక్కరలేదు.

2006లో జేక్వెరీ అనే లైబ్రరీ వచ్చినప్పుడు బ్రౌజర్లు తలా ఒక తీరుగా ఉండేవి కాబట్టి దాని అవసరం నిజంగానే ఉండేది. పేజీలోని భాగాలను వెతికి పట్టుకోవడం, సర్వర్ నుంచి సమాచారం తెప్పించడం వంటి పనులను ఇప్పుడు బ్రౌజరే చేస్తుంది. బ్రౌజర్లోనే ఉండే ఇంటల్ నంబర్‌ఫార్మాట్‌కు ‘ఈఎన్-ఐఎన్’ (భారతీయ ఇంగ్లిష్) అని చెబితే 125000ను 1,25,000గా, మన లక్షల లెక్కలోనే చూపిస్తుంది. దీనికోసం కూడా లైబ్రరీ దించుకునేవారు ఉన్నారు.

ఒకే అంకె బుట్టలోనూ, బిల్లులోనూ, ఫారంలోనూ ఒకేసారి మారవలసి వచ్చి, చేత్తో రాసిన కోడ్‌లో ఏదో ఒకచోట మార్చడం మరిచిపోతున్నామంటే, అప్పుడు ఆల్పైన్ వంటి చిన్న లైబ్రరీని తీసుకోవచ్చు. పేజీలను సర్వర్లో నడిచే పీహెచ్‌పీయే తయారుచేస్తుంటే, సర్వర్ పంపిన ముక్కను పేజీలో పెట్టే హెచ్‌టీఎంఎక్స్ మరింత నప్పుతుంది. రెండింటికీ ఒక స్క్రిప్ట్ ట్యాగ్ చాలు, కోడ్‌ను ముందుగా మార్చి కట్టగట్టే బిల్డ్ తతంగం ఉండదు. లాగిన్, అనేక తెరలు, వాటి మధ్య పంచుకునే సమాచారం ఉన్నప్పుడే రియాక్ట్ వైపు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

ఎంచుకున్నదాని ఆయుష్షు కూడా చూడాలి. యాంగ్యులర్‌జేఎస్‌కు 2021 డిసెంబరు 31తో మద్దతు ముగిసింది. కొత్త ప్రాజెక్టుల్లో తమ లైబ్రరీ వాడవద్దని తేదీల లెక్కలకు వాడే మొమెంట్ నిర్వాహకులే 2020లో చెప్పారు. అందుకే చివరి విడుదల ఎప్పుడు జరిగిందో, జనం చెప్పిన లోపాలకు జవాబులు వస్తున్నాయో లేదో గమనించాలి. పాత బ్రౌజర్లలో లేని సదుపాయాలకు కోడ్ అందించే పాలీఫిల్ డాట్ ఐఓ 2024లో చేతులు మారాక, దాన్ని నమ్ముకున్న సైట్లలోకి హానికర కోడ్ చేరింది. కాబట్టి లైబ్రరీ ఫైలును వెర్షన్‌తో సహా మన సర్వర్లోనే పెట్టుకోవడం క్షేమం.

తరువాత బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్‌నూ ప్రాసెసర్‌నూ నెమ్మది చేసి చూడాలి, ఎందుకంటే చవక ఫోన్లలో స్క్రిప్ట్ దిగడమే కాదు, అమలు కావడానికీ సమయం పడుతుంది. ధరలను మాత్రం కోడ్‌లో కలపకుండా విడి ఫైలులో ఉంచితే, వాటిని మార్చడానికి కొట్టు గుమాస్తా మనకు ఫోన్ చేయనక్కరలేదు.