మైక్రోబిట్‌లో రెండు మూడు లూపులు ఒకేసారి నడపడం ఎలా?

కుండీలో మట్టి ఎండిపోతే చెప్పే చిన్న పరికరం చేద్దాం. బీబీసీ మైక్రోబిట్ బోర్డు (ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి వాడే చిన్న కంప్యూటర్ బోర్డు), రెండు ఇనుప మేకులు, రెండు క్రోకడైల్ క్లిప్పుల వైర్లు చాలు. బోర్డు మూడు పనులు చూసుకోవాలి: తేమ కొలవడం, బొమ్మ చూపించడం, బటన్ నొక్కితే అంకె చెప్పడం. ఇవన్నీ ఒకే లూప్‌లో, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ఆదేశాల వరుసలో, కుక్కితే, అది 5 సెకన్లు పాజ్‌లో ఉన్నప్పుడు బొమ్మ కూడా 5 సెకన్లు మారదు. అందుకే పనికో లూప్.

1. మేకులు రెండూ కాస్త ఎడంగా మట్టిలో గుచ్చండి. ఒకదాన్ని 3వి పిన్‌కి, రెండోదాన్ని పీ0 పిన్‌కి కలపండి. బ్రౌజర్‌లో మేక్‌కోడ్ (బ్లాకులు లాగి ప్రోగ్రామ్ రాసే సైట్) తెరిచి కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టండి.

2. 'తేమ' అనే వేరియబుల్ (విలువ దాచుకునే డబ్బా లాంటిది) చేయండి. మొదటి ఫరెవర్ బ్లాక్‌లో (ఆగకుండా తిరిగే లూప్ ఇదే), పీ0 మీద అనలాగ్ రీడ్ (పిన్ దగ్గర వోల్టేజ్ కొలత) విలువను తేమలో పెట్టి, కింద 5000 మిల్లీసెకన్ల పాజ్ ఇవ్వండి. విలువ 0 నుంచి 1023 మధ్య వస్తుంది. మట్టి తడిగా ఉంటే ఎక్కువ, పొడిగా ఉంటే తక్కువ.

3. ఇంకో ఫరెవర్ లాగి పక్కన పెట్టండి. తేమ 400 కంటే తక్కువైతే ఏడుపు ముఖం, లేకపోతే నవ్వు ముఖం. ఆ 400 ఊరికే మొదలుపెట్టడానికి. మీ మట్టి తడిగా, పొడిగా ఉన్నప్పుడు ఎంత వస్తుందో చూసి మార్చుకోండి.

ఇంతకీ లోపల ఏం జరుగుతోంది? ప్రాసెసర్ ఒక్కటే, కాబట్టి లూపులు నిజంగా ఒకేసారి నడవవు, వంతులేసుకుంటాయి. బోరింగు దగ్గర బిందెల వరుస లాంటిదే: ముందున్నవాళ్లు జరిగితేనే వెనకవాళ్లకి నీళ్లు. ఆ జరగడమే పాజ్. ఫరెవర్ ప్రతి చుట్టు చివరా తనే 20 మిల్లీసెకన్లు ఆగి దారిస్తుంది. 'వైల్ ట్రూ' (ఆగని లూప్) మీరే రాసుకుంటే మాత్రం లోపల పాజ్ మీరే పెట్టాలి.

4. ఇప్పుడు బటన్. బోర్డు మీది 'A' బటన్ నొక్కగానే 'షో నంబర్' అని నేరుగా పెట్టేయాలనిపిస్తుంది. పెడితే అంకె స్క్రోల్ అవుతుండగానే రెండో లూప్ వచ్చి ముఖం గీస్తుంది, తెర మీద కలగాపులగం. ఉన్నవి 25 ఎల్‌ఈడీలే, వాటి కోసం ఇద్దరు కొట్లాడుకుంటే ఏదీ చదవలేం. తెర పెత్తనం ఒక్క లూప్‌కే ఇవ్వండి. 'చూపించు' అని ఇంకో వేరియబుల్ చేసి, బటన్ నొక్కితే దాన్ని 1 చేయండి, అంతే. రెండో లూప్‌లో ముందుగా 'చూపించు 1 అయితే తేమ అంకె చూపించి, మళ్లీ 0 చెయ్యి' అని, లేకపోతేనే ముఖం అని రాయండి.

5. అడ్వాన్స్‌డ్ కింద కంట్రోల్‌లో 'రన్ ఇన్ బ్యాక్‌గ్రౌండ్' కూడా కనిపిస్తుంది. దాన్లో పెట్టింది ఒక్కసారే నడుస్తుంది. లూప్ కావాలంటే లోపల వైల్, పాజ్ పెట్టుకోవాలి. దాన్ని బటన్ ఈవెంట్‌లో మాత్రం పెట్టకండి. నొక్కిన ప్రతిసారీ కొత్త లూప్ ఒకటి పుడుతుంది, పాతది ఆగదు. ఆ లూప్ ఎల్‌ఈడీని మిణికించేదైతే, నాలుగుసార్లు నొక్కేసరికి అది పిచ్చిపట్టినట్టు మిణుకుతుంది. 'ఆన్ స్టార్ట్'లో (బోర్డు మొదలవగానే ఒక్కసారి నడిచే బ్లాక్‌లో) పెడితే ఆ టెన్షన్ లేదు.

6. బోర్డులోకి ఎక్కించేముందు పక్కనున్న సిమ్యులేటర్‌లో (తెర మీది నకిలీ బోర్డులో) పీ0 విలువను మౌస్‌తో పైకీ కిందకీ లాగి చూడండి. ముఖం వెంటనే మారకపోతే కంగారుపడకండి, మొదటి లూప్ ఇంకా తన 5 సెకన్ల పాజ్‌లోనే ఉంటుంది.