పాత ఎక్స్‌ట్రూడర్‌కి కొత్త డీసీ డ్రైవ్ పెట్టాక

మా పైపుల ఫ్యాక్టరీ ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్‌ను కరిగించి పైపుగా నెట్టే యంత్రం) ఇంకా డీసీ మోటారు మీదే నడుస్తోంది. ఏసీకి మారిపొమ్మని అమ్మేవాళ్లు చెబుతూనే ఉంటారు. మోటారు బాగున్నంతకాలం డ్రైవ్ (మోటారుకి కరెంటు ఇచ్చి వేగాన్ని అదుపుచేసే పెట్టె) ఒక్కటి మార్చుకుంటే సరిపోతుందని నా లెక్క.

మోటారు నేమ్‌ప్లేట్ ఇది: 30 కిలోవాట్లు, 1500 ఆర్‌పీఎం, ఆర్మేచర్ (తిరిగే భాగం) 440 వోల్టులు, 78 ఆంపియర్లు, ఫీల్డ్ (అయస్కాంత క్షేత్రం పుట్టించే, కదలని కాయిల్) 200 వోల్టులు, 2 ఆంపియర్లు. ఈ అంకెలన్నీ ముందుగా డ్రైవ్‌లో ఎక్కించాలి.

మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టేముందు మోటారు వైర్లు డ్రైవ్ నుంచి విప్పేయండి, లేకపోతే డ్రైవ్ లోపలి థైరిస్టర్లు (కరెంటును అదుపుచేసే సెమీకండక్టర్ స్విచ్‌లు) పోతాయి. 500 వోల్టుల మెగ్గర్‌తో బాడీకి కనీసం 1 మెగోమ్ రావాలి. తక్కువొస్తే ముందు అనుమానించాల్సింది బ్రష్‌లు అరిగి రాలిన కార్బన్ పొడినే. వాక్యూమ్‌తో లాగండి. గాలి కొడితే అది వైండింగ్‌లోకి ఇంకా లోపలికి పోతుంది. కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి భాగం) చాక్లెట్ రంగులో సమంగా ఉంటే ముట్టుకోవద్దు. చాలామంది దాన్ని తళతళలాడేలా రుద్ది పాడుచేస్తారు.

ఇక ఫీల్డ్. అసలు టెన్షన్ ఇక్కడే. నేమ్‌ప్లేట్ ప్రకారం వేడిమీద 100 ఓమ్‌లు ఉండాలి, చల్లగా ఉన్నప్పుడు 80 దాకా చూపిస్తుంది. 20 చూపించిందంటే సిరీస్‌లో ఉండాల్సిన రెండు సగాలను ఎవరో ప్యారలల్‌లో కలిపినట్టే. నడుస్తుండగా ఫీల్డ్ పోతే మోటారు ఆగదు, వేగం పెంచుకుంటుంది. బ్యాక్ ఈఎంఎఫ్ (మోటారు తిరుగుతుంటే ఆర్మేచర్‌లో పుట్టే ఎదురు వోల్టేజీ) సరిపెట్టుకోవడానికి అదొక్కటే దారి దానికి. బెల్టు తీసేసి ఉంటే పట్టపగ్గాలుండవు, ఆర్మేచర్ చెదిరిపోయేదాకా పోతుంది. కాబట్టి ఫీల్డ్ ఫెయిల్ ట్రిప్ (ఫీల్డ్ పోతే డ్రైవ్ తనంతట తానే ఆగిపోయే రక్షణ) పనిచేస్తుందో లేదో చూడకుండా స్టార్ట్ నొక్కొద్దు. మెయిన్ ఆపి, ఫీల్డ్ ఫ్యూజ్ తీసి, మళ్లీ కరెంటు ఇచ్చి స్టార్ట్ నొక్కండి. డ్రైవ్ ట్రిప్ కావాలి. నడుస్తున్నప్పుడు మాత్రం ఆ ఫ్యూజ్ లాగకండి, కాయిల్ ఎదురు వోల్టేజీతో కొడుతుంది.

ఆర్మేచర్ కరెంట్ ఆటోట్యూన్ (డ్రైవ్ తన సెట్టింగులు తానే సరిచేసుకోవడం) చేసేటప్పుడు షాఫ్ట్ తిరగకూడదు. ఫీల్డ్ ఆపినా మిగిలిన అయస్కాంతత్వంతో కదలొచ్చు, ఒక కన్నేసి ఉంచండి.

మొదటి రన్ బెల్టు విప్పి, కరెంట్ లిమిట్ తగ్గించి, ఆర్మేచర్ వోల్టేజ్ ఫీడ్‌బ్యాక్‌లోనే (ఆ వోల్టేజీని బట్టే డ్రైవ్ వేగం అంచనా వేసేలా) చేయండి. టాకో (షాఫ్ట్ వేగానికి తగ్గ వోల్టేజీ ఇచ్చే చిన్న జనరేటర్) ఫీడ్‌బ్యాక్ జోలికి ఇప్పుడే పోవద్దు. 10 శాతం వేగం ఇచ్చి టాకో వైర్ల మీద మీటర్ పెట్టండి. మాది 1000 ఆర్‌పీఎంకి 60 వోల్టులిచ్చే టాకో, అంటే 150 ఆర్‌పీఎం దగ్గర 9 వోల్టులు రావాలి. ప్లస్, మైనస్ డ్రైవ్ అడిగినట్టే ఉన్నాయని తేలాకే టాకో ఫీడ్‌బ్యాక్‌కి మార్చండి. తిరగబడి ఉంటే, వేగం చాలట్లేదనుకుని డ్రైవ్ మోటారును ఫుల్ స్పీడ్‌కి తోసేస్తుంది.

మోటారు బ్లోయర్ తిరిగే దిశ కూడా చూడండి. ఉల్టా తిరిగినా కొంత గాలి వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

బెల్టు వేశాక తొందరపడొద్దు. బ్యారెల్ వేడెక్కి, లోపలి మెటీరియల్ పూర్తిగా కరిగాకే స్క్రూ తిప్పాలి. లోడ్ మీద బ్రష్‌ల దగ్గర సన్నటి నీలం చుక్కలు కనిపిస్తే ఫర్వాలేదు, పసుపు రవ్వలు ఎగిరితే ఆపేయండి. సెమీకండక్టర్ ఫ్యూజ్ (థైరిస్టర్లను కాపాడే, చాలా వేగంగా కాలే ఫ్యూజ్) పోతే స్టోర్‌లో ఉన్న మామూలు హెచ్ఆర్‌సీ ఫ్యూజ్ పెట్టి కానిచ్చేయకండి. అది కాలేలోపు థైరిస్టర్ కాలిపోతుంది.