హై ఐలండ్‌లో వలస పిట్టలను చూడటం, తిరిగి వచ్చి పెరటి పిట్టలను చూడటం

హ్యూస్టన్ పరిసరాల్లో ఉండి వసంతకాలపు వలస పిట్టలను చూడాలనుకునేవారు, ఏప్రిల్ రెండో వారం నుంచి మే మొదటి వారం లోపు, నగరానికి తూర్పుగా సుమారు 80 మైళ్ల దూరంలోని హై ఐలండ్‌కు వెళ్లాలి. పేరులో ద్వీపం ఉన్నా అది ద్వీపం కాదు. భూగర్భంలోని ఉప్పు పైకి తన్నుకురావడం వల్ల చుట్టూ ఉన్న చిత్తడి నేల మధ్య 38 అడుగుల ఎత్తుకు లేచిన దిబ్బ. ఆ చిత్తడిలో బతకలేని ఓక్, హ్యాక్‌బెర్రీ, మల్బరీ చెట్లు ఈ దిబ్బ మీద తోపులుగా పెరిగాయి.

వెళ్లే రోజును సెలవును బట్టి కాక గాలిని బట్టి నిర్ణయించుకోవాలి. మెక్సికోలోని యుకతాన్ ద్వీపకల్పం నుంచి పొద్దుగూకాక బయలుదేరిన పిట్టలు దాదాపు 600 మైళ్ల సముద్రాన్ని ఏకబిగిన దాటి, మర్నాడు మధ్యాహ్నం ప్రాంతానికి టెక్సస్ తీరం చేరతాయి. దక్షిణపు గాలి వెనక నుంచి తోస్తుంటే వాటికి ఇంకా ఓపిక మిగిలే ఉంటుంది కనుక, తోపుల మీదుగానే ఎగిరి లోపలి అడవులకు వెళ్లిపోతాయి. ఉత్తరపు గాలి ఎదురైనా, దారిలో వాన పట్టుకున్నా మాత్రం సత్తువ ఉడిగి, కంటికి ఆనిన మొదటి చెట్టు మీద వాలిపోతాయి. మొదటిసారి నేను ఎండ బాగా కాసే శనివారం చూసుకుని, తెల్లవారకముందే చేరుకుని, పన్నెండింటికల్లా ఎప్పుడూ కనిపించే నల్లని గ్రాకిల్స్ తప్ప ఏ పిట్టలూ లేవని విసుగెత్తి తిరిగి వచ్చేశాను. ఎంచుకున్న రోజూ తప్పే, ఎంచుకున్న వేళా తప్పే. మరుసటి ఏడాది వాన వెలిసిన సాయంత్రం వెళితే, ఒకే మల్బరీ కొమ్మ మీద ఒక స్కార్లెట్ టానేజర్, రెండు బాల్టిమోర్ ఓరియోల్స్ ముక్కుల వెంట పండ్ల రసం కారుతుండగా, పక్కన మనిషి ఉన్నాడన్న పట్టింపే లేకుండా తింటూ కనిపించాయి. ముందురోజు రాత్రి వాతావరణ సూచనతో పాటు, రాడార్ ఆధారంగా ఎన్ని పక్షులు ఎగురుతున్నాయో అంచనా కట్టే బర్డ్‌కాస్ట్‌ను కూడా చూసుకోవడం మంచిది.

అక్కడి తోపులను హ్యూస్టన్ ఆడుబాన్ అనే పక్షి సంరక్షణ సంస్థ నిర్వహిస్తోంది. ప్రవేశ రుసుము ఉంటుంది. బాయ్ స్కౌట్ వుడ్స్‌లో నీటి బొట్లు పడే చిన్న కుంటకు ఎదురుగా మెట్ల వరుసలా బల్లలు వేసి ఉంటాయి. కాలిబాటలన్నీ తిరిగి రావాలన్న ఆత్రాన్ని అణచుకుని అక్కడ కదలకుండా ఒక గంట కూర్చుంటే, పది గ్రాములైనా తూగని వార్బ్లర్లు అనే చిన్న పిట్టలు కొమ్మల్లోంచి దిగి స్నానానికి వస్తాయి. స్మిత్ ఓక్స్‌లో గులాబీ రంగు స్పూన్‌బిల్స్, తెల్ల కొంగలు గూళ్లు కట్టే చెరువు ఉంది. చెరువులోని మొసళ్లు గుడ్లు దోచుకునే రకూన్లను దగ్గరికి రానివ్వవు కనుక గూళ్లకు కాపలా కూడా అవే.

బైనాక్యులర్స్ 8x42 రకమైతే (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు. పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా వాటిని కంటి దగ్గరికి తెచ్చుకోవాలి. కిందికి చూసి పైకెత్తే లోపల పిట్ట ఉండదు. దోమల మందు రాసుకున్నాక చేతులు తుడుచుకోకుండా బైనాక్యులర్స్ పట్టుకోకూడదు, ఎందుకంటే అందులోని డీట్ ప్లాస్టిక్‌నూ రబ్బరునూ కరిగిస్తుంది. మెర్లిన్ యాప్ కూత విని చెప్పే పేరును ఊహగానే తీసుకోవాలి. ఫోనులో కూత వినిపించి పిట్టను రప్పించడం, అలసిపోయిన ప్రాణిని అనవసరంగా పరుగెత్తించడమే.

ఇంటికి చేరిన మర్నాడు పెరడు చిన్నబోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు కొత్త పిట్టల కోసం వెతకకుండా, కుంట దగ్గర కూర్చున్నట్టే ఒకే కుర్చీలో, ఒకే వేళకు, ఇరవై నిమిషాలు కూర్చుని ఒక్క పిట్టనే గమనించాలి. ఈ వసంత రోజుల్లో మగ కార్డినల్ పొద్దుతిరుగుడు గింజ పొట్టు వలిచి ఆడపిట్ట నోటికి అందిస్తుంది. చికడీ ఒక్క గింజే పట్టుకెళ్లి, కాళ్ల మధ్య అదిమిపట్టి ముక్కుతో పగలగొట్టుకుంటుంది. బ్లూ జే డేగలా అరుస్తుంది. నేను దాని మాట నమ్మి ఎన్నోసార్లు ఆకాశం వైపు చూశాను.

వార్బ్లర్లు ప్రధానంగా పురుగులు తినేవి కనుక గింజల డబ్బాకు రావు, నీళ్లకు వస్తాయి. అడుగున సూదితో చిల్లు పెట్టిన ప్లాస్టిక్ సీసాలో నీళ్లు నింపి, అంగుళం లోతు పళ్లెం మీద వేలాడదీస్తే ఆ బొట్ల చప్పుడే వాటిని పిలుస్తుంది. చెట్లకు పురుగుమందు కొట్టకూడదు. హమ్మింగ్‌బర్డ్‌కు నాలుగు గ్లాసుల నీటికి ఒక గ్లాసు తెల్ల పంచదార కలిపి పెట్టాలి. బెల్లం, తేనె, ఎర్ర రంగు పనికిరావు, ఎండ ముదిరితే రెండు రోజులకోసారి మార్చాలి.

2017 మే నెలలో తుఫాను గాలికి కిందుగా ఎగిరిన వలస పిట్టలు గాల్వెస్టన్‌లో దీపాలు వెలుగుతున్న ఒక ఎత్తైన భవనాన్ని ఢీకొని, ఒక్క రాత్రిలో దాదాపు 400 చనిపోయాయి. మన ఇంటి కిటికీ అద్దాల మీద బయటివైపు రెండేసి అంగుళాల ఎడంతో చుక్కలు అంటించాలి. వలస ఉధృతంగా సాగే ఏప్రిల్ 22 నుంచి మే 12 వరకు రాత్రి పదకొండు నుంచి ఉదయం ఆరు దాకా వరండా దీపం, పెరటి దీపం ఆర్పి ఉంచాలి.