టారిఫ్ వర్గీకరణ – 5వ పాఠం: స్వెట్టరా, షర్టా?

కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే దిగుమతి సుంకాల పట్టికలో, అల్లిక దుస్తులు 61వ చాప్టర్‌లోకీ, నేత దుస్తులు 62వ చాప్టర్‌లోకీ వెళ్తాయని గత పాఠంలో చూశాము. ఈసారి 61వ చాప్టర్‌లో దిగుమతిదారులను ఎక్కువగా తికమకపెట్టే మూడు హెడింగులను (నాలుగంకెల కోడ్‌లను), అనగా పురుషుల షర్టుల 6105, టీషర్టుల 6109, స్వెట్టర్లు, పుల్లోవర్లు, కార్డిగన్ల 6110లను విడదీయడం నేర్చుకుందాము. కస్టమ్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం సుంకాన్ని మొదట లెక్కగట్టుకోవలసినది దిగుమతిదారే కనుక, సరఫరాదారు ఇన్వాయిస్‌లో రాసిన పేరును బిల్ ఆఫ్ ఎంట్రీలోకి (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు సమర్పించే పత్రంలోకి) యథాతథంగా ఎక్కించడం ప్రమాదకరం.

ఇన్వాయిస్‌లో "పోలో షర్ట్" అని ఉన్న ఒక మగవారి దుస్తును తీసుకుందాము. దానికి కాలరు, మెడ దగ్గర గుండీలు, పొడవు చేతులు ఉన్నాయి. చాలామంది ఇక్కడే 6105 అని నిశ్చయిస్తారు. కానీ చూపు ముందు కింది అంచుపై పడాలి. అక్కడ నడుమును పట్టి ఉంచే రిబ్ పట్టీ (సాగే గీతల అల్లిక పట్టీ) గాని, బిగించే తాడు గాని, నడుము కింద జేబులు గాని ఉంటే, 61వ చాప్టర్ మొదట్లో ఉండే నిబంధనలలో ఒకటైన నోట్ 4 దానిని 6105 నుంచి తప్పిస్తుంది. కాలరు, గుండీలు ఉన్నందువల్ల 6109 కూడా కుదరదు. కాబట్టి అది 6110కి చేరుతుంది.

కింది అంచు మామూలుగా మడిచి కుట్టి ఉంటే అల్లిక సాంద్రత చూడాలి. దుస్తును సాగదీయకుండా బల్లపై పరిచి, కనీసం 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు గల చతురస్రం గీసి, భూతద్దంతో అడ్డంగానూ నిలువుగానూ లూపులు లెక్కించి, పదితో భాగించాలి. అడ్డంగా 70, నిలువుగా 90 వచ్చాయనుకోండి. సెంటీమీటరుకు సగటు 7, 9 అవుతాయి. రెండు దిశలలోనూ 10కి తక్కువ కనుక అది షర్టు హెడింగులో నిలవదు.

హెడింగు తేలాక సబ్‌హెడింగుకు (ఆరంకెల కోడ్‌కు) నార బరువు కావాలి. లేబుల్‌పై ఉన్ని 40, అక్రిలిక్ 35, నైలాన్ 25 శాతం అని ఉంటే, అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్నిదే కదా అని ఉన్ని కోడ్ 6110.11 రాయడం ఈ వృత్తిలో పాతుకుపోయిన అలవాటు. అది తప్పు. టారిఫ్‌లో జౌళి సరుకులకు చెందిన 11వ విభాగపు నోట్ 2 ప్రకారం మొదట చాప్టర్ తేల్చాలి. అందుకోసం మానవ నిర్మిత నారల 54, 55 చాప్టర్లను ఇతర చాప్టర్లతో పోల్చేటప్పుడు ఒకే చాప్టరుగా పరిగణించాలి. అక్రిలిక్, నైలాన్ కలిసి 60 శాతం అయ్యాయి గనుక సరైనది మానవ నిర్మిత నారల కోడ్ 6110.30. బరువులు సరిసమానమైతే సంఖ్యాక్రమంలో చివర వచ్చే చాప్టర్‌కే ప్రాధాన్యం: ఉన్ని, పత్తి చెరి సగమైతే 51ని దాటి 52, అంటే పత్తి, నెగ్గుతుంది.

చిన్నపిల్లల దుస్తులకు ఈ క్రమమంతా తరువాతి మాట. 86 సెం.మీ. మించని ఎత్తున్న పిల్లల కోసం చేసినదైతే, ఇతర హెడింగులకు సరిపోయినా 61వ చాప్టర్ నోట్ 6 దానిని చిన్నపిల్లల దుస్తుల 6111లోనే ఉంచుతుంది.

అభ్యాసం: 80 సెం.మీ. ఎత్తు పిల్లల కోసం తయారైన, చేతులు లేని, పత్తి 50 శాతం, విస్కోస్ 50 శాతం గల అల్లిక పుల్లోవర్‌కు ఆరంకెల కోడ్ కనుగొనండి. 6111లోని సబ్‌హెడింగులు చూసేటప్పుడు, విస్కోస్ (సెల్యులోజ్ నుంచి చేసే కృత్రిమ నార) మానవ నిర్మితమే అయినా సింథటిక్ నార కాదని గుర్తుంచుకోండి. జవాబు 6వ పాఠం మొదట్లో ఉంటుంది.