కంబైన్డ్ స్టడీ కబుర్లలోకి జారిపోతుంటే

సెమ్ ఎగ్జామ్స్ ముందు హాస్టల్ రూమ్‌లో నలుగురు ఫ్రెండ్స్ కలిసి చదువుదామని కూర్చుంటే, అరగంటలో అది క్రికెట్ మీదకో, గేటు బయట టీ బండి దగ్గరకో వెళ్లిపోతుంది. మాకు పనికొచ్చిన పద్ధతి ఇది.

సబ్జెక్టుకి 5 యూనిట్లుంటే మనిషికొకటి పంచుకోండి, మిగిలింది అందరూ చదవాలి. నలుగురికి మించి వద్దు. మొదటి 45 నిమిషాలు ఎవరి యూనిట్ వాళ్లు, వీలైతే వేరే వేరే గదుల్లో చదువుకోవాలి. ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టి ఒకే బ్యాగులో పడేయండి. తర్వాత కూర్చుని, ఒక్కొక్కరు పుస్తకం మూసేసి 10 నిమిషాలు మిగతావాళ్లకి చెప్పాలి. వినేవాళ్లు తలా ఒక ప్రశ్న అడగాల్సిందే, పాత క్వశ్చన్ పేపర్‌లోంచి చూసి అడిగినా సరే. చెప్పేవాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. రాత్రికి మళ్లీ చూడాల్సింది ఆ గీతలున్న చోటే. కష్టమైన యూనిట్ ప్రతిసారీ బాగా చదివేవాడికే అంటగట్టకండి, వాడు ఇంకోసారి రాడు.

మ్యాథ్స్ లాంటి ప్రాబ్లమ్స్ పేపర్లకి మాత్రం ఇది పనిచేయదు. పక్కవాడు చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, పరీక్షలో రెండో స్టెప్ దగ్గరే ఆగిపోతాం. ఆ లెక్కలు ఎవరికి వారు చేసుకోవాల్సిందే.