ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు: ఇంట్లో బిగించుకున్న డెస్క్‌టాప్ సమస్యలు, పరిష్కారాలు

హన్మకొండలో మా చుట్టుపక్కల ఎవరి డెస్క్‌టాప్ మొరాయించినా స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లడం నాకు అలవాటు. విప్పి చూసినప్పుడు నిజంగా కాలిపోయిన పార్టు దొరికింది చాలా తక్కువ. ఎక్కువసార్లు పార్టులన్నీ మంచివే, కానీ ఒకదానికొకటి పొసగవు. అందుకే ప్రతి సమస్య దగ్గరా కొనేటప్పుడు ఏం చూడాలో కూడా రాస్తున్నాను. ఇంకా డబ్బు ఖర్చు పెట్టనివాళ్లకు ఇది మరీ ముఖ్యం.

సమస్య: ఆన్ అవుతుంది, మానిటర్‌లో 'నో సిగ్నల్'

కాజీపేటలో ఉండే మా అక్క కొడుకు సికింద్రాబాద్ వెళ్లి పార్టులు కొని, అట్టపెట్టెలు ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చుకున్నాడు. రాత్రంతా కూర్చుని బిగించాడు. బటన్ నొక్కితే లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. "మామా, మదర్‌బోర్డు పోయినట్టుంది" అని పొద్దున్నే ఫోన్. పాపం, బాగా టెన్షన్ పడ్డాడు. వెళ్లి ముందు ప్రాసెసర్ డబ్బా చూశాను. ఐ5-12400ఎఫ్. గ్రాఫిక్స్ కార్డు దసరాకు కొందామనుకున్నాడట.

కారణం ఆ చివరి 'ఎఫ్' అక్షరమే. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర అది ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా దానిలోంచి బొమ్మ రాదు. ఏఎండీలోనూ ఇలాంటి తేడా ఉంది: రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, 5600జీలో ఉంది. మా ఇంట్లో మూలన పడున్న పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టగానే డిస్‌ప్లే వచ్చింది. కార్డు వెంటనే కొనలేనివాళ్లు 'ఎఫ్' లేని ప్రాసెసరే తీసుకోండి. ధరలో కాస్త తేడా ఉన్నా అదే మేలు.

ప్రాసెసర్ సరైనదే అయితే ఈ వరసలో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డుకు కాదు. ప్రాసెసర్ పక్కన పైమూల ఉండే 8 పిన్నుల పవర్ కేబుల్ చాలామంది మరిచిపోతారు. అది లేకున్నా ఫ్యాన్లు తిరుగుతాయి కాబట్టి అనుమానం రాదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లు ఉంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటు, నాలుగో స్లాటులో పెట్టాలి. టక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కాలి. ఇక పాత స్టాకు బీ450 రకం ఏఎండీ మదర్‌బోర్డు మీద రైజెన్ 5000 ప్రాసెసర్ పెట్టారా? బోర్డు 2018 నాటిది, ఆ ప్రాసెసర్లు 2020లో వచ్చాయి. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్ చేయకపోతే బోర్డు వాటిని గుర్తుపట్టదు. కొనేచోటే అప్‌డేట్ చేయించుకోండి.

సమస్య: గేమ్ తెరవగానే రీస్టార్ట్

నయీంనగర్‌లో ఒక డిగ్రీ అబ్బాయి దగ్గర ఇదే జరిగింది. బ్రౌజర్, సినిమాలు అన్నీ బాగానే నడుస్తాయి. గేమ్ పెట్టిన నిమిషానికి ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. విండోస్ రెండుసార్లు మార్చి చూశాడు. పక్క డోర్ తీసి ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులన్నిటికీ పవర్ ఇచ్చే డబ్బా) మీద లేబుల్ చదివాను. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు. 12ను 18తో గుణిస్తే 216. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఈ 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి. అతని గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తాగుతుంది. ఇక ప్రాసెసర్‌కు మిగిలేదెంత?

ఆ ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చింది. ఉచితంగా వచ్చినదాన్ని ఎప్పుడూ వాడకండి. ఇది నేను అందరికీ బతిమాలి చెప్పే మాట. 3060కి ఎన్విడియా సూచించేది 550 వాట్లు. లేబుల్‌లో 12 వోల్టుల లెక్క చూసి, 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఉన్నది కొనండి. మార్చాక ఆ అబ్బాయికి మళ్లీ రీస్టార్ట్ సమస్య రాలేదు.

కరెంటు పోయినప్పుడు మాత్రమే ఆగిపోతుంటే అది యూపీఎస్ సంగతి. మామూలు 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లు ఇస్తుంది. గేమ్ నడుస్తుండగా అంత సరిపోకపోవచ్చు.

సమస్య: పది నిమిషాలు బాగుండి తర్వాత నత్తనడక

ఇది వేడి. మే నెలలో వరంగల్, రామగుండం వైపు ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. స్లాబ్ కింద గది వేడెక్కినంతా ప్రాసెసర్ వేడికి తోడవుతుంది. వంద డిగ్రీల దరిదాపుల్లో అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది కానీ గాలి ఆడదు. మనకు జాలీ ఉన్నదే కావాలి. పత్తి వచ్చే ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక ఇంట్లో ఆ జాలీ నిండా దూది నుసి పట్టి దుప్పటిలా ఊడొచ్చింది. అలాంటి చోట నెలకోసారి తుడవాలి. ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించినవాళ్లనూ చూశాను. అదీ చూసుకోండి.

ర్యామ్ 3200 వేగానిది కొంటే 2400 చూపిస్తోందా? పాడవలేదు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే సెట్టింగ్) ఆన్ చేయండి. డీడీఆర్4, డీడీఆర్5 రకాల ర్యామ్‌ల గాడులు వేరు, ఒకదానిలో ఇంకోటి పట్టదు. బలవంతం చేయొద్దు.

సమస్య: క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోకి పోవాలి. ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే అది క్యాబినెట్ ఇనుము మీదే నిలుస్తుంది. పాత పెంకుటిళ్లలో మూడో రంధ్రం పేరుకే ఉంటుంది, వెనక తీగ ఉండదు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌కు అతికించే అడాప్టర్ వాడొద్దు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ కొలిపించండి. ఎర్త్ గుంత ఉన్న ఇళ్లలో ఎండాకాలం ఆ మట్టి ఎండిపోయి ఎర్తింగ్ బలహీనపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అప్పుడప్పుడూ ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి.