కేజన్ చికెన్ స్టూ చారులా జారితే

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో స్థిరపడిన ఫ్రెంచ్ మూలాల కేజన్ జనం వంటలో ఈ స్టూకి (చిక్కటి పులుసు కూరకి) ఆధారం ‘రూ’, అంటే నూనెలో వేయించిన మైదా. కిలో చికెన్ తొడముక్కలకు అరకప్పు నూనె, అరకప్పు మైదా. సన్నసెగ మీద అడుగు గీకుతూ చాక్లెట్ రంగు వచ్చేదాకా తిప్పాలి, అరగంట దాటినా తొందరపడొద్దు. నల్లచుక్కలు తేలితే పారబోయడమే, ఆ చేదు ఏ కారానికీ లొంగదు. రంగు రాగానే ఉల్లి, సెలరీ (కాడల ఆకుకూర), క్యాప్సికం ముక్కలు వేస్తే వేడి తగ్గి మాడడం ఆగుతుంది.

అసలు తిప్పలు చిక్కదనంతోనే. రూ ముదిరేకొద్దీ పిండికి చిక్కబరిచే గుణం తగ్గుతుంది. పచ్చి మైదా చల్లితే ఉండలు కడుతుంది. అందుకే నీళ్లు పోసి ఉడికించిన చికెన్ ముక్కలు పక్కకు తీసి, పులుసును మూత లేకుండా 15 నిమిషాలు మరిగిస్తాను. అప్పటికీ పలుచగా ఉంటే 2 చెంచాల లేత రూ (లేత రంగు వచ్చేదాకానే వేయించినది) విడిగా చేసి కలుపుతాను. ఉప్పు, కయెన్ అనే ఘాటు ఎర్రమిరప కారం ఆ తర్వాతే సరిచూడాలి. పొడిపొడి అన్నం మీద పోసుకోవాలి.